కొడితే మారతాడా అని అడిగిన పెద్దమ్మకి జవాబు

నల్గొండ వైపు నుంచి ఒక అక్క రాశారు. పేరు, ఊరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ ఇస్తున్నా.

"మా చెల్లెలి కొడుకును నేనే సాదుతున్న. వానికిప్పుడు 8 ఏండ్లు. చెల్లె పోయి 3 ఏండ్లయింది. వాడు కడుపుల ఉన్నప్పుడు అది రోజూ కల్లు తాగేది, కొన్ని దినాలు మందు గూడ తాగింది, ఎంత చెప్పినా ఇనలే. పిల్లగాడు ఒక్కకాడ కూసోడు. చెప్పింది గంటకే మర్చిపోతడు. పొయ్యికాడ చెయ్యి కాలి రెండు దినాలు ఏడ్చిండు, మూడో దినం మళ్ల అదే పొయ్యికాడికి పోయిండు. మా అత్తమ్మ తాగుబోతు రక్తం, తంతే తప్ప దారికి రాడు అంటది. మొన్న ఫోన్ల ఒక వీడియో చూసిన, కడుపుల ఉన్నప్పుడు మందు పడ్డ ఎలుకపిల్లలు పిచ్చిపిచ్చిగ ఉరుకుతయి, పెద్దయినంక అయి గూడ మందుకే పోతయి అని చెప్పిండ్రు. నిజమేనా? వీడు గూడ తాగుబోతైతడా? కొట్టాల్నా, వద్దా? ఇంకోటి, మా తోటికోడలికి ఇప్పుడు 4వ నెల, దసరాకు జరంత కల్లు తాగితె ఏం కాదు అంటున్నరు, అది గూడ చెప్పుండ్రి. వాడు వాళ్ల అమ్మ గురించి అడిగినప్పుడల్లా నాకు నోరు పెగలది."

అక్కా, ముందు కొట్టే సంగతి. ఇవాళ్టి నుంచే ఆపేయండి, అత్తమ్మగారిని కూడా ఆపండి. ఎందుకో చెప్పాలంటే ఆ ఎలుకల గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి, నేను కొన్నేళ్లు ఒక ల్యాబ్‌లో ఎలుకల ప్రవర్తన మీద పనిచేశాను, మీరు చూసిన వీడియోలో చెప్పిన రకం ప్రయోగాలు నా చేతులతో చేశాను, అందుకే మీ ఉత్తరంలో పొయ్యి సంగతి చదవగానే నాకు ఒక పెట్టె గుర్తొచ్చింది.

ఆ పెట్టెలో రెండు గదులుంటాయి, ఒకదాంట్లో లైటు వెలుగుతుంటుంది, రెండోది చీకటి. ఎలుకకి చీకటంటే ఇష్టం కదా, వెలుతురు గదిలో వదలగానే చీకట్లోకి దూరుతుంది, దూరగానే కింద ఉన్న ఇనప కడ్డీల్లోంచి చిన్న షాక్ తగులుతుంది. మామూలు ఎలుకపిల్లకి కొద్ది సార్లకే అర్థమైపోతుంది, తర్వాత వదిలితే గుమ్మం దాకా వస్తుంది, ముక్కు లోపలికి పెడుతుంది, మీసాలు గబగబా ఆడతాయి, ఒక కాలు ఎత్తి అలాగే ఆగి మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. తల్లి కడుపులో ఉండగా ఆల్కహాల్ పడ్డ పిల్ల అలా ఆగదు. షాక్ తగిలితే కీచుమంటుంది, ఎగిరి పడుతుంది, నొప్పి తెలుస్తుంది దానికి, అందులో అనుమానం లేదు, కానీ తీసి మళ్లీ వెలుతురులో పెట్టగానే నేరుగా అదే గుమ్మంలోకి వెళ్లిపోతుంది. ఆగడం నేర్చుకోడానికి దానికి మిగతావాటికంటే ఎక్కువ సార్లు పడుతుంది. 1979లో అమెరికాలో ఎడ్వర్డ్ రైలీ అనే సైంటిస్ట్, ఆయన టీమ్ దీన్ని పేపర్లలో రాశారు, ఆ తర్వాత చాలామంది చేసి చూశారు. వాళ్లు చెప్పిందేంటంటే ఈ పిల్లల్లో దెబ్బతిన్నది నొప్పి తెలియడం కాదు, అడుగు వేయబోయే ముందు తనని తాను ఆపుకునే శక్తి.

మీవాడు మూడో రోజు పొయ్యి దగ్గరికి వెళ్లింది కూడా ఇలాంటిదే అయ్యుండొచ్చు. మొండితనం వల్ల వెళ్లే పిల్లాడికీ, ఆగలేక వెళ్లే పిల్లాడికీ చాలా తేడా ఉంది అక్కా, బయటికి మాత్రం ఇద్దరూ ఒకేలా కనపడతారు, అదే మన ఖర్మ.

"పెంపకం సరిగా లేదు, రక్తం మంచిది కాదు" అనే మాటలకి కూడా ఎలుకల దగ్గర జవాబు ఉంది. ఈ ప్రయోగాలు ఎలా చేస్తారంటే, చూలుతో ఉన్న ఎలుకల్ని మూడు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి ఆల్కహాల్ కలిపిన ద్రవాహారం. ఆల్కహాల్‌లో గ్రాముకి 7 కేలరీలు ఉంటాయి, అది తాగిన తల్లి తిండి తగ్గించేస్తుంది, కాబట్టి పిల్లలకి వచ్చిన తేడా ఆల్కహాల్ వల్లా లేక తల్లి సరిగా తినకపోవడం వల్లా అనే డౌట్ వస్తుంది కదా, అందుకని రెండో గుంపుకి ఆల్కహాల్ లేకుండా, మొదటి తల్లి ఎంత తిన్నదో లెక్కగట్టి సరిగ్గా అంతే పెడతారు, ఆల్కహాల్ కేలరీల బదులు పిండిపదార్థం కలుపుతారు. మూడో గుంపు మామూలుగా తింటుంది. ఇంకా, పుట్టిన వెంటనే పిల్లల్ని తీసేసి ఆల్కహాల్ అసలు ముట్టని వేరే తల్లి దగ్గర పెడతారు, ఆ తల్లి తన పిల్లల్లాగే నాకి పాలిచ్చి పెంచుతుంది. ఒకే జాతి ఎలుకలు, రక్తం ఒకటే, పెంచిన తల్లి మంచిదే, తిండి కూడా లెక్క ప్రకారమే, అయినా ఆల్కహాల్ పడ్డ పిల్లలు గళ్లు గీసిన పెట్టెలో వదిలితే అటూ ఇటూ ఎక్కువ పరిగెడతాయి, ఆగాల్సిన చోట ఆగవు. అంటే ఇది రక్తం కాదు, పెంపకం కాదు, ఆ మెదడు తయారవుతున్న రోజుల్లో దాని మీద పడ్డ ఆల్కహాల్. అత్తమ్మగారికి ఈ ఒక్క సంగతి నెమ్మదిగా, ఎదురు మాట్లాడినట్టు కాకుండా చెప్పి చూడండి.

ఇంకో ప్రయోగం కూడా చెప్పాలి, వాడి గురించి స్కూల్ వాళ్లు పెడుతున్న గోల దీనితో కొంత అర్థమవుతుంది. ఇంగ్లీష్ టీ అక్షరంలా ఉండే దారి ఉంటుంది, ఎడమ పక్కకి వెళ్తే మేలు అని ఎలుకకి నేర్పుతారు. నేర్చుకుంటుంది. తర్వాత ఉన్నట్టుండి కుడి పక్కకి మార్చేస్తారు. మామూలు ఎలుక కొన్ని సార్లు పొరబడి మారిపోతుంది, ఇవి మాత్రం ఎడమకే పోతుంటాయి, పోతుంటాయి. నేర్చుకోలేవని కాదు, నేర్చుకున్నది మార్చుకోడం వీటికి కష్టం. మీరు రాశారు కదా, ఆదివారం వచ్చినా, స్కూల్లో టీచర్ మారినా వాడు తలకిందులైపోతాడని, నాకు అక్కడ ఇదే గుర్తొచ్చింది. కాబట్టి మార్పు ఉన్నప్పుడు ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చెప్పండి, చెప్పడమే కాదు చూపించండి, రేపు సెలవైతే బ్యాగు తీసి వాడి కళ్ల ముందే పైన పెట్టేయండి.

కొట్టడం ఎందుకు వద్దంటున్నానో అసలు కారణం ఇది. కెనడాలోని వాంకోవర్‌లో జోఆన్ వైన్‌బర్గ్ అనే ఆవిడ ఎన్నో ఏళ్లు ఈ ఎలుకల్లో భయం, ఒత్తిడి ఎలా పనిచేస్తాయో చూశారు. మామూలు టైంలో వీటి రక్తంలో ఒత్తిడి హార్మోన్ చాలావరకు మిగతా ఎలుకల్లాగే ఉంటుంది, కానీ ఏదైనా బెదురు తగిలితే మిగతావాటికంటే ఎక్కువ పెరుగుతుంది, దిగడానికి కూడా ఎక్కువ టైం పడుతుంది. మనం ఒక దెబ్బ వేసి పది నిమిషాల్లో మర్చిపోతాం, అలాంటి పిల్లాడి ఒంట్లో ఆ దడ ఇంకా నడుస్తూనే ఉంటుంది, దడ నడుస్తున్నంతసేపు ఏం చెప్పినా తలకెక్కదు, తలకెక్కలేదని ఇంకో దెబ్బ. పొయ్యి కాల్చి నేర్పలేనిది చెయ్యి కొట్టి నేర్పుతుందా చెప్పండి. దానికంటే పొయ్యి ఉన్న గదికి వాడు తీయలేని గడియ పెట్టించండి, సిగ్గుపడాల్సిన పని కాదు అది, కాలు సరిగా లేని పిల్లాడికి కర్ర ఇచ్చినట్టే.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి, మీవాడికి ఇదే ఉందని నేను ఇక్కడ కూర్చుని అనలేను, ఎవరూ అనలేరు. ఎలుక చూలు 3 వారాలే, ల్యాబ్‌లో ఏ రోజు ఎంత ఇచ్చామో రాసుంటుంది. మీ చెల్లి ఎప్పుడు ఎంత తాగిందో ఎవరికీ లెక్క లేదు, పైగా 5 ఏళ్లకే తల్లి పోయిన పిల్లాడు వాడు, ఆ దిగులు కూడా పిల్లల్ని ఒక్క చోట కూర్చోనివ్వదు. చెవి సరిగా వినపడకపోయినా, రక్తం తక్కువున్నా, నిద్ర చాలకపోయినా, ఏడీహెచ్‌డీ అనే, ధ్యాస నిలవని సమస్య ఉన్నా ఇలాగే ఉంటారు. అందుకే చూపించాలి.

కడుపులో పడ్డ ఆల్కహాల్ వల్ల మనుషుల పిల్లలకి వచ్చే ఇబ్బందిని మొదట స్పష్టంగా రాసింది 1968లో ఫ్రాన్స్‌లోని నాంట్‌లో పాల్ లెమ్వాన్ అనే పిల్లల డాక్టర్, తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని చూసి రాశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలో సియాటిల్ డాక్టర్లు కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ దానికి పేరు పెట్టారు, ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని. ఇప్పుడు చిన్నాపెద్దా లక్షణాలన్నీ కలిపి ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటున్నారు. ముఖంలో కొన్ని గుర్తులుంటాయి, కళ్లు చిన్నగా ఉండటం, ముక్కుకీ పెదవికీ మధ్య ఉండే గాడి చదునుగా ఉండటం, పై పెదవి పల్చగా ఉండటం. కానీ ముఖం మామూలుగా ఉంది కాబట్టి ఏం లేదు అనేవాళ్ల మాట నమ్మకండి. 1981లో క్యాథలీన్ సులిక్ అనే ఆవిడ చూలుతో ఉన్న చిట్టెలుకలకి 7వ రోజున ఆల్కహాల్ ఇస్తే పిల్లలు అచ్చం అలాంటి ముఖంతో వచ్చాయి, అది మనుషుల్లో గర్భం వచ్చిన 3వ వారం, ఆడమనిషికి తను కడుపుతో ఉన్నానని ఇంకా తెలియని రోజులు. ఆ కాస్త టైంలో పడకపోతే ముఖం మామూలుగానే ఉంటుంది, మెదడు మాత్రం తొమ్మిది నెలలూ తయారవుతూనే ఉంటుంది. విస్కాన్సిన్‌లో మేరీ ష్నైడర్ కోతుల మీద చేసినప్పుడు, తల్లులకి ఇచ్చింది ఓ మోస్తరు ఆల్కహాలే, పిల్లలు మామూలు బరువుతో మామూలు ముఖంతో పుట్టాయి, కానీ చూపు నిలపడంలో, ఒంటి కదలికల్లో వెనకబడ్డాయి.

మీ జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రిలో డీఈఐసీ అని పిల్లల సెంటర్ ఉంటుంది, పిల్లల ఆరోగ్యం కోసం సర్కారు నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కిందది, 18 ఏళ్ల దాకా ఉచితం. ఆ పథకం డాక్టర్లే సర్కారు స్కూళ్లకి కూడా వస్తారు, మీవాడి స్కూల్ హెడ్‌మాస్టర్‌ని అడిగితే చెప్తారు. అక్కడ తేలకపోతే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, తెలివితేటల్లో ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల్ని పరీక్షించి ఇంట్లో ఏం చేయాలో కూడా నేర్పుతారు. ఎక్కడికి వెళ్లినా చెల్లి తాగిన సంగతి దాచొద్దు, పరువు గురించి ఆలోచించొద్దు. 8 ఏళ్ల పిల్లాడికి రక్తం తీసి ఇది కనిపెట్టే టెస్ట్ లేదు, డాక్టర్‌కి దారి చూపించేది ఆ ఒక్క మాటే.

తాగుబోతు అవుతాడా అన్నారు. వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో స్టీవెన్ యంగెన్‌టోబ్ అనే ఆయన చూసింది ఏంటంటే, కడుపులో ఆల్కహాల్ పడ్డ ఎలుకపిల్లలకి దాని వాసన, రుచి మిగతా పిల్లలకంటే ఇంపుగా అనిపిస్తాయి, కాబట్టి దొరికితే ఎక్కువ తాగుతాయి. తల్లి తిన్నవాటి వాసన కడుపులోనే బిడ్డకి అలవాటవుతుంది కదా, ఇదీ అలాంటిదే. కానీ వీడియోవాళ్లు చెప్పని సగం ఉంది, పుట్టాక ఆల్కహాల్ మళ్లీ ఎదురుపడకుండా పెరిగిన ఎలుకల్లో పెద్దయ్యేసరికి ఆ ఇష్టం చాలావరకు తగ్గిపోయింది. మనుషుల్లో కూడా ఇలాంటి పిల్లలకి తాగుడు రిస్క్ కొంచెం ఎక్కువ అని చాలా ఏళ్లు వెంటపడి చూసినవాళ్లు చెప్పారు, కాబట్టి తేలిగ్గా తీసుకోమనను. ఇంట్లో లొట్టి పెట్టకండి, ఎవరికోసమైనా సరే వాడిని కల్లు కాంపౌండ్‌కి పంపకండి, పండగ పూట మామయ్యలు నవ్వుతూ నాలిక్కి ఒక చుక్క రాస్తారు చూడండి, అది మాత్రం అస్సలు రానివ్వకండి.

ఇక నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. అనా క్లింట్సోవా, చార్లెస్ గుడ్‌లెట్, విలియం గ్రీనో అనేవాళ్లు చేసింది. ఎలుకపిల్ల పుట్టిన 4వ రోజు నుంచి 9వ రోజు దాకా దాని మెదడు, మనుషుల్లో చివరి మూడు నెలల్లో ఎదిగినట్టు ఎదుగుతుంది, ఆ రోజుల్లో ఆల్కహాల్ ఇస్తే చిన్నమెదడులో కణాలు పోతాయి, ఒంటి బ్యాలెన్స్ పోతుంది. అలాంటి ఎలుకల్ని పెద్దయ్యాక మూడు గుంపులు చేశారు. కొన్నింటిని బోనులోనే ఉంచారు. కొన్నింటిని చదునైన దారిలో రోజూ నడిపించారు. కొన్నింటికి మాత్రం ఎత్తులో తాళ్లు, నిచ్చెనలు, సన్నటి కడ్డీలు కట్టి రోజూ వాటి మీదుగా దాటించారు, మొదట్లో జారతాయి, పడబోతాయి, చేత్తో ఆసరా ఇచ్చి మళ్లీ ఎక్కిస్తారు. కొన్నాళ్లకి ఈ మూడో గుంపు, తాము ఎప్పుడూ ఎక్కని కొత్త కడ్డీల మీద కూడా బాగా నడిచింది, చిన్నమెదడు కోసి చూస్తే మిగిలిన కణాల మధ్య కొత్త అతుకులు పెరిగాయి. పోయిన కణాలు తిరిగి రాలేదు, ఉన్నవి ఎక్కువ చేతులు చాచాయి అంతే. ఉత్త నడకకి ఆ ఫలితం రాలేదు, కష్టమైనది కొద్దికొద్దిగా, ఆసరాతో, రోజూ నేర్చుకుంటేనే వచ్చింది.

మీవాడికి దీన్ని ఎలా మలచాలో థెరపిస్ట్ చెప్తారు, అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది చేయండి. ఒకసారికి ఒకటే పని చెప్పండి, "స్నానం చేసి బట్టలేసుకుని బ్యాగు సర్దుకో" అంటే మూడు పనులు, వాడికి ఆఖరిది ఒక్కటే మిగులుతుంది లేదా అదీ మిగలదు. చేసిన వెంటనే మెచ్చుకోండి, సాయంత్రం దాకా ఆగితే వాడికి ఏది చేసినందుకో తెలియదు. ఒకే పని ఒకే చోట ఒకే వేళకి. వందసార్లు చెప్పాల్సి వస్తుంది, వచ్చినట్టే వచ్చి మర్నాడు పోతుంది, అది వాడు మిమ్మల్ని ఏడిపించడానికి చేసేది కాదు. మీకు ఓపిక అయిపోయిన రోజున మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మెదడుకి కావాల్సిన కోలిన్ అనే పోషకం మాత్రల గురించి ఎవరైనా చెప్తే కంగారుపడి కొనకండి. ఎలుకపిల్లలకి కోలిన్ ఇస్తే తప్పులు తగ్గాయని శాన్‌డియాగోలో జెన్నిఫర్ థామస్ చూపించిన మాట నిజమే, 5 ఏళ్లలోపు పిల్లల్లో కొంత ఆశ కనపడింది, కానీ 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకి 6 వారాలు ఇచ్చి చూస్తే తేడా రాలేదు. కోలిన్ గుడ్డులో బాగా ఉంటుంది, స్కూల్లో పెట్టే గుడ్డు వాడు తింటున్నాడో పక్కవాడికి ఇచ్చేస్తున్నాడో కనుక్కోండి చాలు.

మీ తోటికోడలి విషయం. ఒక్క చుక్క కూడా వద్దు అక్కా. తల్లి రక్తంలో ఎంత ఉంటే కాసేపటికి బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే శక్తి ఆ బిడ్డ కాలేయానికి చాలా తక్కువ. "రోజూ తాగితే కదా, పండక్కి ఒక్కరోజే" అంటారు, 1990లో బోంథియస్, వెస్ట్ అనే ఇద్దరు సరిగ్గా దీన్నే చూశారు, ఎలుకపిల్లలకి ఎక్కువ ఆల్కహాల్‌ని రోజంతా కొంచెం కొంచెంగా పంచి ఇచ్చినదానికంటే, తక్కువే అయినా ఒక్క పట్టున ఇచ్చినప్పుడు మెదడు ఎక్కువ దెబ్బతింది. పండగ తాగుడు అంటే ఒక్క పట్టున తాగేదే కదా. చెట్టు కల్లు అయినా పొద్దెక్కే కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది, ఇక దుకాణంలో దొరికే మందు కల్లు అయితే అందులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటూనే ఉన్నారు, కడుపుతో ఉన్న పిల్లకి అవెందుకు. ఇప్పటికే ఎప్పుడైనా తాగి ఉంటే భయపెట్టకండి, తిట్టకండి, ఇవాళ ఆపినా బిడ్డకి ఆ మేరకు లాభమే, మెదడు ఎదగాల్సింది ఇంకా చాలా ఉంది. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి చెప్పమనండి.

వాడు అమ్మ గురించి అడిగితే నోరు పెగలట్లేదన్నారు. మీ చెల్లికి ఆ రోజుల్లో ఇది బిడ్డ మెదడుకి చేరుతుందని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎవరున్నారు, తాగొద్దు అన్నవాళ్లే కానీ మాన్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు ఎవరున్నారు, ఆవిడ కూడా ఒక జబ్బుతో పోయిన మనిషే. వాడి ముందు తాగుబోతు అనే మాట ఎవరి నోటా రాకుండా చూడండి. ఇప్పటికి "మీ అమ్మకి ఒంట్లో బాలేకుండె బిడ్డా, నువ్వంటే పానం దానికి" అని చెప్పండి, రెండూ నిజమే. పెద్దయ్యాక, 14, 15 ఏళ్లప్పుడు, నీ తలకాయకి కొన్ని పనులు ఎందుకు కష్టమో చెప్తాను రా అని మిగతాది మీరే చెప్తారు. డీఈఐసీకి వెళ్లేటప్పుడు ఒక నోట్‌బుక్‌లో వాడు ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఎప్పుడు, ఏం మర్చిపోతాడు, ఏం బాగా చేస్తాడు, ఇవన్నీ రాసుకుని వెళ్లండి. మేకపిల్లల్ని భలే చూసుకుంటాడు అని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశారు కదా, అది మొదటి పేజీలోనే రాయండి.